లేని గడప

అమ్మ మధ్యాహ్నాలు కళ్లమీద వేసుకునే నల్లగుడ్డను నాలుగు మడతలు పెట్టి, తల వెనక రెండు ముళ్లు వేసుకుని, కూతురు హాలు మధ్యలో లేచి నిలబడేసరికి గోడ గడియారం మూడు కొట్టింది. ఇన్నేళ్లుగా వచ్చిపోతున్నా ఆ గడియారానికి ఇంత చప్పుడుందని ఆమెకు తెలియదు, ఇప్పుడది నెత్తిమీద కూర్చుని గోళ్లు గిల్లుకుంటున్నట్టుంది. ఒక్క గంట మీ అమ్మగారిలా ఆ ఇంట్లో తిరగండి, అంది కంటి ఆసుపత్రిలో సలహాలు చెప్పే ఆవిడ, ఆ తర్వాత ఈ జాబితా మీ చేత్తోనే చింపేస్తారు. చురుక్కుమంది ఆ మాట. జాబితాలు రాయడమే ఆమె ఉద్యోగం. మిల్లుల్లో, గోదాముల్లో, పిండిమరల్లో ఎక్కడ కాలు జారేదీ ఎక్కడ వేలు నలిగేదీ ప్రమాదం కంటే ముందు తానే వెళ్లి చూసి రాసిపెడుతుంది; నేలమీద గీయించిన పసుపు గీతల పుణ్యమా అని ఆమె అసలు పేరు పనివాళ్ల నోట ఏనాడో పోయి పసుపుగీతమ్మగా మిగిలింది. అలాంటిది సొంత అమ్మానాన్నల ఇంటికి, మూడో అంతస్తులో ఉన్న మూడు గదులకి, ఇరవై రెండు అంశాలు రాసి తీసుకెళితే ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి, ఇదంతా కళ్లున్నవాళ్లు రాసిన కాగితమండీ అని పక్కన పెట్టేసింది. సరే, అదీ చూద్దాం అనుకుంది. కొలత తప్పకూడదని, అడుగు కాగితంలా అరిగి కింద నేల పాదానికి తెలిసే అమ్మ ఇంటి చెప్పులే వేసుకుంది, అమ్మ పాత ఉన్నిశాలువా భుజాల చుట్టూ కప్పుకుంది. శాలువాలో కంటిమందూ కొబ్బరినూనే కలిసిన వాసన. ఆ వాసనా ఈ చీకటీ కలిసేసరికి, తాను అమ్మని అనుకరిస్తున్నట్టు కాక, అమ్మే ఎక్కడికో వెళుతూ ఒంటిని తనకు అప్పగించి పోయినట్టు అనిపించింది.

ఇంట్లో ఎవరూ లేరు. ఆ ధైర్యంతోనే కట్టుకుంది. బయల్దేరుతున్నామక్కా అని తమ్ముడు ఒంటిగంటకి ఫోన్ చేశాడు, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి నాలుగు దాటుతుందన్నాడు. ఆమె వచ్చేసరికి తలుపు తాళం తిప్పి ఉంది, తన దగ్గరున్న రెండో తాళంచెవితో తీసుకుని లోపలికొచ్చి, తలుపుకి గడియ మాత్రం పెట్టి, తాళంచెవి సంచిలో పడేసింది. తెరలన్నీ దించి ఉన్నాయి, పడగ్గది తలుపు చేరవేసి ఉంది, వంటింటి పంపు కట్టేసి ఉంది. అమ్మ అంతే, చూపు సన్నగిల్లుతున్నకొద్దీ ఇంటిని ఇంకా గట్టిగా సర్దుతుంది. పోయిన నెల తమ్ముడన్నాడు, ఇంక లాభం లేదక్కా, చెరొకర్ని పెట్టుకుందాం, అమ్మ నీ దగ్గర, నాన్న నా దగ్గర అని. పళ్లెమూ గ్లాసా పంచుకోవడానికి, అని ఆమె కసురుకుంది. నాన్న ఉన్నాడు కదా. డెబ్బై ఎనిమిదేళ్లకీ గుండ్రాయిలా ఉన్నాడు, పళ్లన్నీ సొంతవే, సంచి పట్టుకుని అమ్మ చెయ్యి పట్టుకుని రోజూ బజారుకి పోయొస్తాడు. స్నానాల గదిలో పట్టుకోవడానికి రెండు కమ్మీలు, నడవాలో ఒకటి, పొయ్యికి దానంతటది ఆరిపోయే మీట, రాత్రుళ్లు వెలిగి ఉండే చిన్న దీపాలు, ఇవి పెడితే చాలు, వాళ్లింట్లో వాళ్లు ఉంటారు, అమ్మకి నాన్నే కళ్లు. రేపు పొద్దున ఫిట్టరు వచ్చి బిగించేస్తాడు. తన ఏర్పాటంతా ఆమె నాన్న అనే ఒక్క స్తంభం మీద ఎత్తి నిలబెట్టింది. ఊరందరి స్తంభాలూ సుత్తితో తట్టి చూసే మనిషికి ఈ స్తంభాన్ని తట్టాలని మాత్రం తోచలేదు.

అడుగు వేసింది. సోఫా చెయ్యి తగలాల్సిన చోట తగల్లేదు, ఇంకో అడుగు, తగల్లేదు, సోఫాని ఎవరో జరిపేశారా అనుకునేలోపు అది మోకాలికి వచ్చి కొట్టింది. చీకట్లో సామాను కదలదని ఎవరన్నారు, అది మనకోసం కాచుకుని కూర్చుంటుంది. పాదం కింద తివాచీ అంచు. అయిదో అంశం, తివాచీ తీసేయాలి, కాలికి చుట్టుకుంటుంది. కానీ తివాచీ అయిపోయిన చోట పాదానికి చల్లగా తగిలిన నేలే, ఇక్కడితో హాలు అయిపోయింది, ఎడమకి తిరిగితే వంటిల్లు, అని చెప్పింది. తివాచీ తీసేస్తే అమ్మకి ఆ మాట చెప్పేదెవరు. పోయింది అయిదో అంశం. వంటింటి తలుపు చట్రం మీద, నడుము ఎత్తులో, వేలికి ఏదో గుండ్రంగా తగిలింది. చొక్కా గుండీ. జిగురుతో అంటించి, పైన గోడరంగు పూసింది ఎవరో. లోపల డబ్బాల మూతలకి రబ్బరు బ్యాండ్లు, ఒకటున్నది పంచదార, రెండున్నది ఉప్పు అని నాలుక మీద వేసుకుంటే తెలిసింది. పొయ్యి మీట దగ్గర దారం చుట్టి ఉంది. బయటికొచ్చి స్నానాల గది చట్రం తడిమితే రెండు గుండీలు. పోయిన వారమే టేపు పెట్టి ఈ చట్రాలన్నీ కొలిచింది తాను, ఒక్క గుండీ కనపడలేదు. కళ్లుంటే కనపడనివి. అమ్మ ఎప్పటినుంచి చేస్తోందిది, ఎప్పుడు చేస్తోంది, ఎవరూ చూడకుండా గోడలమీద చుక్కలు పొడుచుకుంటూ, తనకి మాత్రమే చదవడానికొచ్చే ఉత్తరం రాసుకుంటూ. అమ్మ ఎప్పుడూ అంతే. సూదిలోకి దారం ఎక్కించలేని రోజున, దారం బాగాలేదే అంది. పేపరు చదవలేని రోజున, అన్నీ అబద్ధాలే, ఎందుకులే అంది. చూపు పోతోందని ఒప్పుకున్నది పోయిన ఏడాది, అదీ మరుగుతున్న నీళ్ల గిన్నెలో చెయ్యి పెట్టాక. ఇంకా ఏం దాచింది ఈ మనిషి.

వంటింటి పక్కగోడ అవతల ఎవరిదో టీవీ మాట్లాడుతోంది. మాటలు తెలియడం లేదు, ఒక మగగొంతు గద్దిస్తోంది, ఒక ఆడగొంతు బతిమాలుతోంది, మధ్యలో వాయిద్యాలు. ఆ చప్పుడుకి ఆమె కాళ్లు వాటంతటవే ఆగాయి. అయిదేళ్ల పిల్లప్పుడు రోజూ ఇదే, గోడ అవతల ఇదే గద్దింపు, ఇదే ఏడుపు. నాన్న సినిమా హాల్లో టార్చిలైటు మనిషి, ఆట మొదలయ్యాక వచ్చినవాళ్లని చీకట్లో సీటుదాకా తీసుకెళ్లడం ఆయన పని, ముప్పై నాలుగేళ్లు చేశాడు. హాలుని అంటుకునే వెనకవైపు పనివాళ్ల గదులు, రెండు గదులూ ఒక వంట వసారా, ఆ గోడకి చెవి పెట్టే ఆమె నిద్రపోయేది, కాబట్టి ఆమె చిన్నతనమంతా మొహాలు లేని మనుషుల గొంతులే. ఒక్కోసారి నాన్న ఆమెని హాల్లోకి తీసుకెళ్లేవాడు. ముందు తానే నడిచేవాడు, కానీ వెనక్కి తిరిగి, వచ్చేవాళ్లకి ఎదురుగా మొహం పెట్టి, టార్చి వాళ్ల పాదాల ముందు పడేలా పట్టుకుని, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ. మెట్టు. చూసుకోండి. ఇంకో మెట్టు. ఒక్కనాడూ తడబడలేదు, ఆయనకి వీపులో కళ్లున్నాయని హాలంతా చెప్పుకునేవారు. ఆ హాలు ఇప్పుడు లేదు, ఆ గదులూ లేవు, కూలగొట్టి ఇరవై ఏళ్లయింది, అక్కడిప్పుడు కార్లు ఆపుకుంటున్నారు.

నడవాలోకి వచ్చింది. అరచెయ్యి గోడమీద పాకుతోంది, నున్నటి గోడ, చల్లటి గోడ, తలుపులేవీ లేని ఉత్తగోడ, ఎనిమిది అడుగుల పొడవు, మధ్యలో ఒక కమ్మీ అని తానే రాసింది. అక్కడ, నడుము ఎత్తులో, గుండీలు తగిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒకదాని కింద ఒకటి, వరసగా. ఆమె అటూ ఇటూ తడిమింది. చట్రం లేదు, సందు లేదు, గోడ. వంటింటికి ఒకటి, స్నానాల గదికి రెండు, పడగ్గదికి మూడై ఉండాలి, మరి ఈ నాలుగు గుండీల గది ఏది, ఈ ఇంట్లో ఉన్నదే మూడు గదులు. ఎదురుగోడ తడిమింది. అక్కడా నాలుగు. ఎవరికీ కనపడని తలుపేదో ఇక్కడ తెరిచి ఉన్నట్టూ, అమ్మ దానికి గుర్తులు పెట్టుకున్నట్టూ, తానిప్పుడు సరిగ్గా ఆ తలుపు మధ్యలో నిలబడి ఉన్నట్టూ తోచి, వీపుకి చలిగాలి తగిలినట్టయింది. అప్పుడే హాల్లో సంచిలోని ఫోను మోగింది. మోగనీ అనుకుంది. అది మోగి మోగి ఆగిపోయింది. ఆగిపోయాక మిగిలిన నిశ్శబ్దంలో ఇంకో చప్పుడుంది. ముందు గడియారం అనుకుంది. గడియారానికి అంత తీరిక ఉండదు. ఇది లోపలికి పోతోంది, బయటికి వస్తోంది, చివర సన్నటి ఈల. ఊపిరి. తన ఊపిరేనేమోనని ఆమె బిగబట్టి చూసింది. అది ఆగలేదు. ముందుంది, మూడడుగుల దూరంలో, తన మొహం ఎత్తులో. తాను వచ్చేసరికి తాళం వేసి ఉన్న ఇల్లు. తలుపులు బిగించిన ఇల్లు. చెయ్యి గంతకి, తల వెనక ముడి దగ్గరికి, పోవాలనుకుంది, పోలేదు, దారిలోనే దాన్ని ఎవరో అందుకున్నారు.

వెచ్చటి చెయ్యి, ఎండిన చర్మం. బొటనవేలి మీద గట్టి కాయ, టార్చి మీట నొక్కి నొక్కి కాసింది. నాన్న. నాన్న వెళ్లలేదన్నమాట, పడగ్గదిలో పడుకున్నాడన్నమాట, మరి ఆ తాళం. నాన్నా, భయపెట్టేశావు అని నవ్వబోయింది.

"ఒక్కదానివే ఎక్కడికి బయల్దేరావే. నన్ను లేపొద్దూ" అన్నాడాయన.

ఆయన ఆమెని ఏమే అనడు. చిన్నప్పటినుంచీ అమ్మా అనే అంటాడు. ఏమే అనేదీ ఇదిగో అనేదీ ఒక్కరినే, ఆ ఒక్కరూ నాన్నని పేరుపెట్టి పిలవరు, ఏమండీ అంటారు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, తాను కప్పుకున్న శాలువా, వేసుకున్న చెప్పులు, కళ్లకున్న నల్లగుడ్డ. నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. ఆయన రెండో చేతిని కూడా తీసుకున్నాడు. "ఇదిగో, గడప. కాలెత్తు." ఈ ఇంట్లో గడపలే లేవు. కానీ ఆమె కాలెత్తింది. ఎందుకెత్తిందో ఆమెకే తెలియదు, ఆ గొంతు మెట్టు అంటే అయిదేళ్లప్పటినుంచీ లేస్తున్న కాలు అది, లేచింది, లేని గడపని దాటి అవతల దిగింది. నాలుగు గుండీలు ఎందుకో అప్పుడు ఆమెకి సగం తెలిసింది. సగం తెలియడం ఏమీ తెలియకపోవడం కంటే ఎక్కువ భయపెడుతుంది.

గుడ్డ తీసేయవచ్చు. నాన్నా, నేను, అనవచ్చు. కానీ ఇరవై ఆరేళ్ల ఉద్యోగం నేర్పింది ఒకటుంది, యంత్రాన్ని ఆపి చూస్తే ప్రమాదం కనపడదు, అధికారి వస్తున్నాడంటే ప్రతి యంత్రమూ బుద్ధిమంతురాలైపోతుంది, నడుస్తుండగా చూడాలి. ఎవరూ చూడనప్పుడు ఈ ఇద్దరూ ఎలా బతుకుతున్నారో చూడాలి. ఆమె చేతులు వదులుగా ఉంచింది. "వంగు, దూలం తగుల్తుంది" అన్నాడు, వంగింది. "ఇక్కడ నేల తడిగా ఉంది, ఓరగా రా" అన్నాడు, ఓరగా వెళ్లింది, నిజంగానే అరికాలికి తడి తగిలినట్టనిపించింది. ఆయన మాట అన్నకొద్దీ ఆ పాత గదులు చీకట్లో లేచి నిలబడుతున్నాయి, ఇటు వంట వసారా, ఇటు పిండిరోలు, అటు మంచం, కూలగొట్టిన ఇల్లు ఇటుక ఇటుకా వచ్చి ఈ ఇంట్లో దూరి కూర్చుంటోంది, తన చుట్టూ రెండిళ్లున్నాయి, ఏది తగిలితే మోకాలు పగులుతుందో తెలియదు. గోడ అవతల గొంతులకి ఆయన చెవి ఒగ్గాడు. "ఇంటర్వెల్ ఇంకా కాలేదు. జనం పంపు దగ్గరికి రాకముందే నీళ్లు పట్టుకొచ్చేద్దాం." ఆ పంపు పెరట్లో ఉండేది, వెనక తలుపు తీసి మూడు మెట్లు దిగితే.

ఎప్పటినుంచి, ఎప్పటినుంచి. ఫోన్ చేస్తే ఆ, బాగున్నానమ్మా, ఇదిగో మీ అమ్మ, అంతే, పొడి మనిషి అనుకుంది. ఆ అమ్మా అనే మాట వెనక ఏ పేరూ లేదని ఎప్పుడైనా అనుమానించిందా. తమ్ముడి కొడుకు పుట్టినరోజున నాన్న ఒక మూల కూర్చుని వచ్చినవాళ్లందరికీ ఒకే నవ్వు నవ్వాడు, తనకీ అదే నవ్వు; అది హాల్లో టార్చి పట్టుకుని నవ్వే నవ్వు, సీటు నంబరు తప్ప మనిషి అక్కర్లేని నవ్వు. బజార్లో ఆయన ముందూ అమ్మ వెనకా, ఎంత బాగా చూసుకుంటాడమ్మా ఈ వయసులో అని చూసినవాళ్లు మురిసిపోయేవారు, అమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని సన్నగా మాట్లాడుతూనే ఉండేది, ఆ మాటలు కబుర్లు కావు, కుడికి, ఆగండి, ఈ కొట్టే, అయిదు కాయలు చాలు. తన స్తంభం. చెదపురుగు పైకి కనపడదు, తడితే డొల్లగా మోగుతుంది. ఎవరూ తట్టకుండా అమ్మ దానికి ఆనుకుని నిలబడింది.

గడియ తీసిన చప్పుడైంది. తల వంచాల్సిన పని లేకుండానే మొహానికి కొత్త గాలి తగిలింది, సున్నమూ తుప్పూ కలిసిన గాలి, ఆయన గొంతు ఉన్నట్టుండి అడుగు లేని బిందెలో మాట్లాడినట్టయింది. వీధి తలుపు. మేడమెట్లు. మామూలుగా ఎవరివల్లా కాదు ఆ తలుపు తీయడం, అమ్మ లోపలున్నా బయటున్నా తాళం తిప్పి చెవిని నడుముకి దోపుకుంటుంది, దొంగల భయం అనేది. ఈరోజు తాళం తిప్పకుండా వదిలేసినదెవరు. ఊరందరి తలుపులకీ పసుపు గీతలు గీయించే మనిషి. "మూడు మెట్లే. నేను ముందు దిగుతా. చెయ్యి వదలకు" అన్నాడు నాన్న, ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఆమెకి ఎదురుగా మొహం పెట్టి, వెనక్కి అడుగేశాడు. గుమ్మం ముందు నాలుగు అడుగుల చోటుంది. ఆ తర్వాత పద్దెనిమిది మెట్లు. ఆయన ఇంకో అడుగు వేశాడు. వీపులో కళ్లున్నాయని హాలంతా చెప్పుకునే మనిషి.

నాన్నా అని అరిస్తే ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే వెనక్కి ఒక అడుగు, ఆ ఒక్క అడుగు చాలు. లాగితే పెనుగులాడతాడు, బలం ఇంకా ఆయనదే. ఈ ప్రపంచంలో ఆయన్ని ఆపగల గొంతు ఒకటే ఉంది, అది ఆసుపత్రిలో ఉంది. ఆమె నోరు తెరిచింది. నలభై తొమ్మిదేళ్లలో ఆ మాట ఆ మనిషితో అనవలసి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఏమండీ."

అది తన గొంతు కాదు. కొంచెం అరిగి, చివర కొంచెం సాగి, లోపల ఎక్కడో దాచుకున్నట్టున్న అమ్మ గొంతు. మెట్లన్నీ ఆ మాటని తలా కొంచెం పంచుకుంటూ కిందికి తీసుకుపోయాయి. ఆయన ఆగాడు.

"ఏంటి."

"ఇంటర్వెల్ అయినట్టుందండీ. జనం వస్తున్నారేమో, వినండి."

ఆయన విన్నాడు. ఆమె కూడా వింది, అబద్ధమాడినవాళ్లు వినేంత శ్రద్ధగా. ఏమీ లేదు. ఆ తర్వాత ఉంది. దూరంగా, కిందెక్కడో, అడుగులు. ఒకటి, ఆగి ఒకటి. పైకి వస్తున్నాయి. "అవునే, వదిలేశారు" అన్నాడు నాన్న, తృప్తిగా. "గోడకి ఒదుగు. పోనీ వాళ్లని." ఆయన ఆమెని పక్కకి జరిపాడు గానీ తాను జరిగాడో లేదో తెలియలేదు. గుడ్డ వెనక ఆమెకి కూడా జనం వచ్చారు, చెమట చొక్కాలు, బీడీ దగ్గు, నిద్రలో ఏడుస్తున్న ఎవరిదో పిల్ల, నూరుమంది, రెండువందల మంది, మొహాల్లేకుండా, తనని రాసుకుంటూ నీళ్లకోసం దిగిపోతున్నారు, వాళ్లలో ఒక్కరు భుజం తగిలించినా చాలు. ఆ గుంపులోంచి అసలు అడుగులు రెండు జతలు మాత్రం ఎదురెక్కుతూ వచ్చి, ఒక అంతస్తు కింద ఆగిపోయాయి.

"పైన ఏమండీ అన్నదెవరు?" అంది కిందనుంచి అమ్మ.

నాన్న చేతులు చల్లబడటం ఆమెకి తెలుస్తూనే ఉంది, వేలు తర్వాత వేలు, ఎవరో లోపలినుంచి దీపాలు ఆర్పుకుంటూ పోతున్నట్టు. "నువ్వక్కడున్నావా" అన్నాడు కిందికి. తర్వాత చాలా మెల్లగా, "మరి ఇదెవరు" అన్నాడు. ఆ చేతులు ఆమె చేతుల్ని వదిలేశాయి.

ఆమె గుడ్డ లాగేసింది. వెలుతురు కొట్టింది. ముందు కనపడింది ఆయన మడమ, పై మెట్టు అంచుమీద, సగం గాల్లో. చొక్కా ముందుభాగం గుప్పిట పట్టి తనవైపు లాక్కుంది, రెండు గుండీలు ఊడి మెట్లమీద దొర్లుకుంటూ పోయాయి. ఆయన మొహం ఆమె మొహానికి జానెడు దూరంలో ఉంది. భయపడుతున్నాడు. ఆమెని చూసి భయపడుతున్నాడు, భార్య వేషంలో వచ్చి చెయ్యి పట్టుకున్న ఎవరినో చూసినట్టు. నాన్న భయపడగా ఆమె చూడటం అదే మొదటిసారి, దానికి తానే కారణం కావడమూ.

"కదలకండి. నేనొచ్చేస్తున్నా. ఆటకి ఇంకా రెండో గంట కొట్టలేదులెండి" అంది అమ్మ, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేటంత మామూలుగా. గోడమీద అరచెయ్యి వేసుకుని, తొందర లేకుండా, ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. వెనక తమ్ముడు, చేతిలో కంటిమందుల సంచీ, మొహంలో నెత్తురుచుక్క లేదు. అమ్మ తిన్నగా నాన్న చెయ్యి ఎక్కడుందో అక్కడికే తన చెయ్యి చాచింది.

"నీళ్లు పట్టారా?"

"లేదే. ఎవరో ఈవిడ..."

"సరే, తర్వాత పడుదురుగానీ. నా కాళ్లు లాగుతున్నాయి, కాసేపు కూర్చుందాం." ఆయన వెంటనే కూర్చున్నాడు, పై మెట్టుమీద, గోడవారగా. అమ్మ ఆయన పక్కన, మెట్ల వైపు తాను ఉండేలా కూర్చుంది.

డాక్టరు తొందరగా చూసేశాడక్కా, అన్నాడు తమ్ముడు ఎవరూ అడక్కుండానే. నాన్న నిద్రపోతున్నాడు, లేపొద్దంది అమ్మ, అక్క వస్తుందిగా అనుకున్నాను. తాళమెందుకమ్మా అంటే అలవాటురా అంది. చెప్దామని ఫోన్ చేస్తే నువ్వెత్తలేదు. ఆమె వినలేదు. అమ్మకి ఎదురుగా రెండు మెట్లు కింద నిలబడింది, ఇటువైపునుంచి ఎవరూ పడిపోకుండా.

"ఎన్నాళ్లనుంచమ్మా?"

"రెండేళ్లు దాటింది."

"మాకు చెప్పలేదేం?"

"చెప్తే ఏం చేస్తారో తెలుసుగా. చెరొకర్ని పంచుకుంటారు" అంది అమ్మ. తమ్ముడు తల వంచుకున్నాడు. "నాకు ఈ ఇల్లు కనపడదు, ఆయనకి ఈ ఇల్లు గుర్తుండదు. ఇంక మాకు పేచీ ఏముంది. ఆయన గడప అన్నచోట నేను కాలెత్తుతా. ఎత్తకపోతే, ఏమే, తట్టుకుంటావే అని బెంగపెట్టుకుంటాడు, ఆ పూట అన్నం తినడు. అందుకే గోడకి గుర్తులు పెట్టుకున్నా. నేను ఆగండి అన్నచోట ఆయన ఆగుతాడు. ఇద్దరం కలిస్తే ఒక మనిషికి తక్కువేం కాదు." ఆయన చొక్కామీద గుండీలు ఊడిన చోటు వేలితో తడిమింది. "నేను బతికున్నన్నాళ్లూ. ఆ సంగతి మాత్రం నేనూ ఆలోచించలేదే."

ఆ సంగతి తర్వాత ముగ్గురూ కలిసి ఆలోచించారు. ఆ వారమే ఇంకో డాక్టరు నాన్న జబ్బుకి పేరు పెట్టాడు, తగ్గేది కాదన్నాడు, మెల్లగా నడిచేదన్నాడు. చెరొకర్ని అనే మాట తమ్ముడు మళ్లీ ఎత్తలేదు. భార్యనీ కొడుకునీ తీసుకుని కింది అంతస్తులో ఖాళీ అయిన ఇంట్లోకి వచ్చేశాడు. పగలు రిటైరైన నర్సొకావిడ వస్తోంది, మొదటిరోజు అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని లేని ఇల్లంతా తిప్పి చూపించింది, ఇక్కడ దూలం, ఇక్కడ పిండిరోలు అని. మెట్లకి అడ్డంగా ఇనపతలుపు పడింది. నడవాలో ఉత్తగోడకి కమ్మీ ఎందుకమ్మా అని ఫిట్టరు అడిగితే, పెట్టు బాబూ, అక్కడ గడపుంది అంది ఆమె, నవ్వకుండా. అమ్మ ముందు పోతే ఏం చేయాలో కూడా రాసుకున్నారు, నాన్న ముందు పోతే ఏం చేయాలో కూడా. ఆ రెండు కాగితాలూ రాసిన రోజున ఎవరూ సరిగా తినలేదు.

కానీ అవన్నీ తర్వాత. ఆ సాయంత్రం ఆ మెట్లమీద ఇంకా ఎవరూ లేవలేదు. తమ్ముడు నీళ్లకని లోపలికెళ్లాడు. మెట్ల కిటికీలోంచి ఎండ అడ్డంగా పడుతోంది. నాన్న భయం తీరి, అమ్మ భుజానికి ఆనుకుని, ఆమెవైపు దొంగచూపులు చూస్తున్నాడు, ఎక్కడో చూసిన మనిషిని చూసినట్టు. తర్వాత అమ్మ చెవి దగ్గరికి వంగి, మూడో మనిషికి వినపడదనుకుని అడిగాడు.

"ఎవరే ఈవిడ? పాపం, చాలాసేపట్నుంచి నిలబడే ఉంది."

"మన అమ్మాయండీ."

నాన్న నవ్వాడు. ఆ నవ్వు హాల్లో నవ్వు కాదు. "మనకప్పుడే అమ్మాయెక్కడిదే. నీకింకా అయిదో నెలేగా."

ఆయన వీపు నిమురుతున్న అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

"అవును కదూ. మర్చేపోయా. చలికాలానికి వస్తుంది."

"ఆడపిల్లయితే బాగుండు" అన్నాడు నాన్న. "నీ పోలికొస్తే చాలు. హాలంతా చీకటిగా ఉన్నా గుర్తుపట్టేస్తా."

అమ్మ చూపులేని మొహం ఆమెవైపు తిప్పింది, ఏమన్నా అంటావేమో అన్నట్టు. ఇంకా పుట్టని పిల్ల ఏమని పలుకుతుంది.